మామయ్య రివాల్వరు

మా మామయ్యది గుంటూరులో మిర్చి వ్యాపారం. సీజనులో డబ్బు సంచీతో ఇల్లు చేరేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. 2018లో ఎలాగైతేనేం లైసెన్సు సంపాదించాడు. "ఒరే అల్లుడూ, కాలేజీ ఎన్.సి.సి.లో కాల్చినవాడివి, నువ్వే చూసి చెప్పాలి" అని తుపాకుల షాపుకి నన్ను లాక్కెళ్ళాడు. నేను కాల్చింది .22 రైఫిలు, అదీ బోర్లా పడుకుని. ఆ మాత్రానికే మా ఇంట్లో నేను కర్నల్ని!

సినిమాల్లో చూసే 9 ఎం.ఎం. పిస్తోలు మనలాంటివాళ్ళకి చట్టం ఇవ్వదు. మనకి దక్కేది .32. మామయ్య మనసు 'నిర్భీక్' మీద పడింది. ఆడవాళ్ళకోసమని కాన్పూరు ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన రివాల్వరు అది, అరకిలో బరువు. నేను వద్దన్నాను. తేలికైన కొద్దీ చేతిని వెనక్కి తంతుంది. అక్కడే తయారైన బరువైన రివాల్వరు తీసుకోమన్నాను. పోనీ పిస్తోలు కొందామా అన్నాడు. పిస్తోల్లో తూటా పేలకపోతే రెండో చేత్తో పైభాగం వెనక్కి లాగాలి. మామయ్య రెండో చేతిలో సంచీ ఉంటుందాయె! రివాల్వరైతే ట్రిగ్గరు మళ్ళీ నొక్కితే చాలు, పక్క తూటా ముందుకొస్తుంది.

అసలు కథ రేంజిలో మొదలైంది. 10 మీటర్ల దూరంలో కాగితం. ఆరు తూటాల్లో కాగితానికి తగిలినవి రెండు. ఆ ట్రిగ్గరే సుత్తిని లేపాలి, తూటాల చక్రాన్ని తిప్పాలి, కాబట్టి అది మహా గట్టి. వేలు బిగిస్తే గొట్టం పక్కకి వాలుతుంది. కోచ్ గారు తూటాలు తీయించి, గొట్టం మీద రూపాయి బిళ్ళ పెట్టి, అది పడకుండా ట్రిగ్గరు నొక్కమన్నారు. నెల్లాళ్ళు ఇంట్లో అదే సాధన. "వ్యాపారం చేసే మనిషి రూపాయిని ఇన్నిసార్లు జారవిడవడం ఇప్పుడే చూస్తున్నా" అంది అత్తయ్య. తర్వాత ఆరింట అయిదు తగిలాయి.

అయితే కాగితం మన మీదికి పరిగెత్తుకు రాదు కదా! ఓరోజు ఖాళీ రివాల్వరు సంచీలో పెట్టుకుని నిలబడమన్నాను. పది అడుగుల అవతలినుంచి ఒక్క పరుగు తీశాను. జిప్పు సగం తెరుచుకునేలోగా నా చెయ్యి ఆయన భుజం మీదుంది. మామయ్య ముఖం పాలిపోయింది. "పోనీ నడుముకి కట్టుకుంటే?" అన్నాడు. మళ్ళీ పరుగు తీశాను. ఈసారి రివాల్వరు బయటికొచ్చింది గాని, దాని మీద నా చెయ్యి కూడా ఉంది.

ఆ వారమే లెక్కలన్నీ బ్యాంకుకి మార్చాడు. రాత్రి ప్రయాణాలు మానేశాడు. సాధన మాత్రం మానలేదు. మనవడు పాకుతున్నాడని రివాల్వరు ఇనప్పెట్టెలోకి, తూటాలు వేరే బీరువాలోకి వెళ్ళాయి. 2024 ఎన్నికలకు ముందు దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. అత్తయ్య ఆ రసీదుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది.