పొయ్యికీ పిల్లలకూ నడుమ గోడ

మద్నూర్‌లో చలికాలమంటే పత్తికాలం. బాన్సువాడ నుంచి బిచ్కుంద మీదుగా వస్తుంటే రోడ్డు పక్క తుమ్మకంపలకు తెల్లటి పింజలు చిక్కుకుని ఉంటాయి. జిన్నింగ్ మిల్లులకు పోయే ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు రాల్చిపోయినవి. ఊరు చేరగానే సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి, దాని మీద తెరపి లేని లారీలు. కొంచెం ముందుకు పోతే మహారాష్ట్రలోని దెగ్లూర్, ఇంకోవైపు కర్ణాటక. కామారెడ్డి జిల్లాకు ఇది కొస. ఒకే అరుగు మీద నలుగురు కూర్చుంటే తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ నాలుగూ వినపడతాయి.

ఐదేళ్లలోపు పిల్లలు పగలంతా గడిపే గదుల్లో ఎలాంటి గాలి ఉంటుందో దగ్గరగా చూడాలని ఈ మండలానికి వచ్చాను. ఇక్కడ చిన్నపిల్లలను చూసుకునే చోటంటే అంగన్‌వాడీయే. తల్లి పత్తి ఏరడానికి పోతే పిల్ల అక్కడ, సోయా కోతకు పోతే పిల్ల అక్కడ. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన, ఈ అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ఈ యాభై ఏళ్లలో ఈ కొసదాకా వచ్చి నిలబడింది. అది చిన్న విషయం కాదు.

నేను మొదట వెళ్లిన కేంద్రం పేరు రాయను. అక్కడి లోపం ఆ టీచరుది కాదు. పేరు రాస్తే మాట మాత్రం ఆమెకే వస్తుంది.

అద్దె ఇల్లు. రేకుల కప్పు. ఒకటే గది, దానికి ఒక మూలన నడుమెత్తు గోడ కట్టి, ఆ వెనక వంట. గోడలకు అక్షరాల చార్టులు, పండ్ల బొమ్మలు. కిటికీలు రెండున్నాయి గానీ రెండూ వీధి వైపు గోడకే. ఒకదానికి అడ్డంగా బాలామృతం డబ్బాలు పేర్చి ఉన్నాయి. రెండోది చలికీ దుమ్ముకీ మూసేశారు. పిల్లలు పద్నాలుగు మంది చాప మీద కూర్చుని, టీచర్ చెప్పే పాటకు చేతులు తిప్పుతున్నారు.

పదకొండు దాటాక ఆయా పప్పుకు పోపు పెట్టింది. నూనెలో ఎండుమిరపకాయలు పడగానే ఘాటు నడుమెత్తు గోడ దాటి గదిలోకి వచ్చింది. ముందు వరుసలో ఒక పిల్ల దగ్గింది, తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత చాప అంతా దగ్గు. టీచర్ పాట ఆపకుండానే లేచి దర్వాజ బార్లా తీసింది. రేకుకు పడిన చిల్లులోంచి సన్నగా దిగుతున్న ఎండలో పొగ సుడులు తిరుగుతోంది. పొయ్యి పైన కప్పు దాకా గోడ నల్లగా ఉంది. ఆ మసి గ్యాస్ పొయ్యిది కాదు. అడిగాను.

“సిలిండర్ అయిపోతే కట్టెల పొయ్యే దిక్కు సార్,” అంది ఆయా. “బయట పెడ్తె గాలికి మంట నిలువది. లోపల పెడ్తె పొగ పోదు. పిల్లలకు యాళ్లకు అన్నం పెట్టాలె గద.”

టీచర్ రిజిస్టర్లు తెచ్చి చూపించింది. ఏ పిల్లకు ఎన్ని గుడ్లు, ఎవరికి ఎంత బాలామృతం, ఎవరి బరువెంత, ఎత్తెంత, జబ్బ చుట్టుకొలత ఎంత, అన్నీ ఉన్నాయి. అవే వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో కూడా ఎక్కించాలి. “అన్నీ తూస్తం సార్, కొలుస్తం. గాలి సంగతి ఇప్పటిదాక ఎవ్వరూ అడగలే,” అంది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, ఉన్నమాట చెప్పింది. ఈ పర్యటన మొత్తంలో నా మనసులో నాటుకున్న మాట అదే. కడుపులోకి పోయేదానికి గ్రాములతో సహా లెక్క ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోయేదానికి రిజిస్టర్‌లో ఒక గడి కూడా లేదు.

పిల్లల విషయంలో ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. పెద్దవాళ్లు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తే, రెండేళ్ల పిల్ల పాతిక ముప్పై సార్లు తీస్తుంది. బరువును బట్టి చూస్తే మనకంటే చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఎక్కువభాగం తయారయ్యేది పుట్టాక మొదటి కొన్నేళ్లలోనే. సరిగ్గా ఆ ఏళ్లలోనే వాళ్లను వంట పక్కన కూర్చోబెడుతున్నాం. పొగలోని సన్న రేణువు 2.5 మైక్రాన్ల లోపు ఉంటుంది, తలవెంట్రుక మందంలో పాతికో వంతు కంటే తక్కువ. ముక్కు దాన్ని ఆపలేదు. ఇంటి పొగ వల్ల చిన్నపిల్లల్లో నిమోనియా ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 ఒక్క ఏడాదిలో ఇంటిలోపలి పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని, వాళ్లలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలని ఆ సంస్థ అంచనా.

ఈ లెక్కలు ఎక్కడివో అనుకోవద్దు. ఇరవై ఏళ్ల కిందట మన ఇళ్లలోనే కొలిచారు. మద్నూర్ అప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లాకు మారింది. చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాల, హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 412 పల్లె ఇళ్లను ఎంచుకున్నాయి. డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ నాయకత్వంలో జరిగిన ఆ పరిశోధన 2004లో అచ్చయింది. ఊపిరితిత్తుల దాకా పోగల రేణువులు 24 గంటల సగటున గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల ఇళ్లలో 732 దాకా ఉన్నాయి. అందరికంటే ఎక్కువ పీల్చింది వంట చేసే ఆడవాళ్లు, పిల్లలకూ ఆ పొగ తప్పలేదు. పొయ్యి ముట్టని పిల్లకు పొగ ఎందుకు? అమ్మ కొంగు పట్టుకుని పొయ్యి దగ్గరే ఉంటుంది కనుక. మన దేశం బయటి గాలిలో సన్న రేణువులకు పెట్టుకున్న హద్దు 24 గంటలకు 60 మైక్రోగ్రాములు. కొలిచిన రేణువుల పరిమాణంలో కొంచెం తేడా ఉంది గనుక రెంటినీ అంకెకు అంకె పోల్చలేం. అయినా దూరం ఎంతో తెలుస్తుంది.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది వేరే ఉంది. ఏం కాలుస్తున్నారన్నదే కాదు, పొయ్యి ఎక్కడ ఉందన్నది కూడా పొగను నిర్ణయిస్తుందని వాళ్లు లెక్కగట్టి చూపించారు. వేరే గదిలోనా, ఆరుబయటా, పడుకునే గదిలోనే గోడ లేకుండానా అన్నదాన్ని బట్టి ఇంట్లో వాళ్లు పీల్చే మోతాదు మారిపోతుంది. అంగన్‌వాడీకి అద్దె గది చూసేటప్పుడు ఎవరికైనా గుర్తుకు రావలసిన మొదటి సంగతి ఇదే.

మధ్యాహ్నం ఆశా కార్యకర్తతో పాటు నాలుగైదు ఇళ్లకు వెళ్లాను. దాదాపు అన్ని ఇళ్లలోనూ గ్యాస్ బండ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల ఇక్కడిదాకా చేరాయి. ఉన్నా, నీళ్లు కాగబెట్టేది పత్తికట్టె మీదే, జొన్నరొట్టె కాల్చేది కట్టెల పొయ్యి మీదే. చేను దున్నేముందు పీకిన పత్తికట్టె, కందికట్టె పైసా ఖర్చు లేకుండా ఇంటి వెనక కుప్పగా ఉంటే బండ ఎవరు ఖర్చు చేసుకుంటారు? ఒక ఇంట్లో ధర పెరిగేదాకా ఆగుదామని పత్తి మొత్తం ముందరి గదిలో నింపారు. గది సగం దాకా పత్తి, మిగతా సగంలో మంచం. రాత్రి పడుకునేది అక్కడే. ముట్టుకుంటే సన్న నూగు లేస్తుంది. ఆ ఇంటి తల్లి మరాఠీ కలిపి మాట్లాడుతుంది. “ఖోక్లా తగ్గుతలేదు సార్, పది దినాలైంది,” అంటూ దగ్గుతున్న రెండేళ్ల పిల్లవాణ్ణి చూపించింది.

ఆశా కార్యకర్త వాణ్ణి తల్లి ఒళ్లోనే పడుకోబెట్టి, చొక్కా పైకి మడిచి, ఫోన్‌లో గడియారం పెట్టుకుంది. నిమిషం పాటు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. కడుపు ఎత్తినప్పుడల్లా పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. “డొక్కలు ఎగరేస్తలేడు. పర్వాలేదు,” అని తల్లికి చెప్పింది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు నిమిషానికి 40 లేదా అంతకు మించి ఊపిరి తీస్తే, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లు 50 లేదా అంతకు మించి తీస్తే, ఇంట్లో ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. డొక్కలు లోపలికి పోతుంటే, పాలు తాగలేకపోతుంటే లెక్కపెట్టడానికి కూడా ఆగొద్దు. పరికరం లేకుండా, డాక్టరు లేకుండా ఒక పిల్ల ప్రాణం కాపాడగల విద్య ఇది. ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ, ప్రతి తల్లికీ వచ్చి తీరాలి.

ఇంకో ఇంట్లో పసిపాపకు అప్పుడే తలకు పోసి, మూకుడులో నిప్పుల మీద సాంబ్రాణి వేశారు. పాప జుట్టు ఆరడానికని ఆ పొగ మీదుగా పట్టారు. నేను వద్దనగానే నానమ్మకు కోపం వచ్చింది. “నా ఆరుగురికీ ఏసిన. ఏమైంది?” అంది. ఆ చేతుల్లో ఉన్న ప్రేమను కాదనేవాడెవడు? కానీ మెత్తటి బట్టతో తుడిచి కాసేపు పొద్దుటెండలో కూర్చోబెడితే జుట్టు ఆరిపోతుంది, పాపకు పొగ పీల్చే పని ఉండదు. దోమల చక్రం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఒక చక్రం మొత్తం కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సన్న రేణువులు గదిలోకి వస్తాయని 2003లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు బిగించిన గదిలో, ఉయ్యాల కింద అది పెట్టడం మన ఇళ్లలో రోజూ జరిగేదే. దోమతెర ఆ పని పొగ లేకుండా చేస్తుంది.

గ్యాస్ వస్తే అన్నీ తీరిపోతాయని చెప్పను. మన తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో కలిపి సుమారు 3,200 ఇళ్లతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. సగం ఇళ్లకు గ్యాస్ ఉచితంగా ఇచ్చారు. పొగ బాగా తగ్గింది. ఏడాది లోపు శిశువుల్లో తీవ్ర నిమోనియా మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2024లో తేలింది. అంటే పొయ్యి ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవడానికి లేదు. టీకాలు, తిండి, ఇరుకు, బయటి దుమ్ము అన్నీ ఇందులో ఉన్నాయి. ఉచితంగా వేసే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా అందుతోంది. మూడు మోతాదులూ పడ్డాయో లేదో కార్డు తీసి చూసుకోవాలి.

సాయంత్రం లోపు ఇంకో కేంద్రం చూశాను. సొంత భవనం. వంటగది వేరుగా, వరండాకు అవతల ఉంది. గదికి ఎదురెదురు గోడల్లో కిటికీలు, పైన వెంటిలేటర్లు. అదే పప్పు, అదే పోపు. వంట అయ్యాక కూడా పిల్లల గదిలో ఘాటు లేదు. ఆ టీచర్ ప్రత్యేకంగా చేసిందేమీ లేదు, కట్టినవాళ్లు సరిగ్గా కట్టారు. అంగన్‌వాడీకి 600 చదరపు అడుగుల చోటు, పిల్లలకు గది, వంటకు వేరే గది ఉండాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. కొత్తగా కనిపెట్టవలసింది లేదు. ఫ్రాన్స్‌లో శిశుసంరక్షణ కేంద్రాల గాలిని పరీక్షించడం 2018 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. మనం వెంటనే మీటర్లు కొనక్కర్లేదు. పొయ్యి గది దాటాలి, రెండు కిటికీలు ఎదురెదురుగా తెరుచుకోవాలి, నిండు సిలిండర్ ఒకటి ఎప్పుడూ అదనంగా ఉండాలి. మొదటి కేంద్రంలో నడుమెత్తు గోడను కప్పు దాకా లేపి, వెనకవైపు ఒక కిటికీ కొట్టిస్తే ఎంతవుతుందని మేస్త్రీని అడిగాను. రెండు రోజుల పని అన్నాడు.

ఐసీడీఎస్ అధికారులకు నా విన్నపం ఇది. అద్దె గదికి సంతకం పెట్టేముందు పొయ్యి ఎక్కడ, పొగ ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలు అడగండి. తనిఖీ రిజిస్టర్‌లో వాటికొక గడి పెట్టండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లను పొద్దున దింపి వెళ్లిపోకుండా ఒకరోజు వంట జరిగే వేళకు వెళ్లి, చాప మీద పిల్ల పక్కన కాసేపు కూర్చోండి. మీ కళ్లు మండితే టీచర్‌తో తగాదా పెట్టుకోవద్దు. ఆ టీచర్‌నే వెంటబెట్టుకుని గ్రామ పంచాయతీకి పోయి గోడ కట్టించమని అడగండి.