ఈద్ సఫాయి

పోయిన రంజాన్‌లో చాంద్‌రాత్‌కి రెండ్రోజుల ముందు ఇల్లంతా సఫాయి పెట్టుకున్నాం. అమ్మీ పర్దాలు దించింది, బేగం వంటింట్లో పడింది, నా వంతుకి ఫిష్ ట్యాంక్ వచ్చింది.

సఫాయి ఈమాన్‌లో భాగమని చిన్నప్పట్నుంచీ విన్నవాణ్ణి. నీళ్ళన్నీ పారబోశాను. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి, మురికంతా పోయేదాకా పిండాను. గులకరాళ్ళు వేణ్ణీళ్ళతో కడిగాను. చల్లటి నల్లా నీళ్ళు నింపి, నాలుగు మోలీ చేపల్ని వదిలాను. అందరూ మాషా అల్లా అన్నారు.

ఈద్ నాడు మా చిన్నది తన ఈదీ పైసలతో ఇంకో రెండు మోలీలు కొనుక్కొచ్చి అందులో వేసింది.

వారం తిరక్కుండానే చేపలు రాళ్ళకి ఒళ్ళు రుద్దుకోవడం మొదలెట్టాయి. రెక్కలు ముడుచుకుపోయాయి. ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. పాత చేప ఒకటి చచ్చిపోయింది. గులాబీ కుండీలో దానికి మట్టి ఇచ్చాం.

"అబ్బా, నా మఛ్లీల వల్లే అయ్యిందా?" అంది చిన్నది. నేను జవాబు చెప్పలేదు.

చేపల దుకాణం భాయ్ ఫోటో చూసి, "ట్యాంక్ ఎప్పుడు కడిగారు జనాబ్?" అన్నాడు. చెప్పాను. అప్పుడు సమ్‌జాయించాడు. స్పాంజిలో ఉన్నది మురికి కాదు, చేపల రొచ్చులోని అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా. దాన్ని నేను క్లోరిన్ నీళ్ళతో చంపేశాను. అమ్మోనియా మొప్పల్ని కాల్చింది, చల్లటి నీళ్ళు అదాటున తగిలాయి. పరేషాన్‌లో ఉన్న చేపకి రోగాన్ని ఆపే తాఖత్ తగ్గిపోతుంది. పురుగు కొత్త చేపలతో వచ్చి ఉండొచ్చు. దానికి దర్వాజా తెరిచింది మాత్రం నేను.

ఇలాజ్‌కి సబర్ కావాలన్నాడు. చుక్కలోపల, చర్మం కింద ఉన్న పురుగుకి మందు తగలదు. అది రాలి, అడుగున చేరి, వందలుగా విడిపోయి, చేపని వెతుక్కుంటూ ఈదేటప్పుడే చస్తుంది. అందుకే హీటర్‌తో నీళ్ళని మెల్లమెల్లగా వెచ్చచేసి పురుగుని తొందరపెట్టాం. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుందని గాలి మోటర్ పెంచాం. అడుగున ఉన్నది లాగేస్తూ రోజూ కొన్ని నీళ్ళు మార్చాం. నాలుగోనాటికి చుక్కలు పోయాయి. చిన్నది గంతులేసింది. "ఇప్పుడే ఆపొద్దు, రాలినవి అడుగునే ఉంటాయి" అన్నాడు భాయ్. ఇంకో పది రోజులు చేశాం. ఐదు చేపలు బతికాయి, అల్‌హందులిల్లా.

ఆ రాత్రి ఇషా అయ్యాక చిన్నదాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "తప్పు నాది బేటా, నీ మఛ్లీలది కాదు" అన్నాను. ఆ రెండు వారాలూ అది ఆ మాట కోసమే చూసిందని దాని మొహం చూస్తే తెలిసింది. జవాబివ్వకుండా ఊరుకున్న నా ఖామోషీయే దాన్ని ఎక్కువ తిన్నది.

ఈసారి ఈద్‌కి స్పాంజిని ట్యాంక్ నీళ్ళలోనే జాడించాను. నాలుగోవంతు నీళ్ళే మార్చాను, అవీ క్లోరిన్ విరిచి, వెచ్చదనం చూసుకుని. కొత్త చేపలు వస్తే కొన్ని వారాలు వేరే టబ్బులో ఉండాలి. అద్దం మూలన కాస్త పాచి మిగిలింది. అమ్మీ గుడ్డ తెచ్చింది.

"ఉండనీ దాదీమా" అంది చిన్నది.