తెలుగులో అన్న ఉఫ్

తల్లిదండ్రుల ముందు 'ఉఫ్' అని కూడా అనొద్దంటుంది ఖురాన్. బనీ ఇస్రాయీల్ సూరా, 23వ ఆయత్. దేవుణ్ణి తప్ప ఎవర్నీ ఆరాధించొద్దన్న ఆజ్ఞా, అమ్మానాన్నల్ని మంచిగా చూసుకోవాలన్న ఆజ్ఞా అందులో పక్కపక్కనే ఉంటాయి. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క 'వ', అంటే 'మరియు'. మా అన్నదమ్ములం ముగ్గురికీ ఈ ఆయత్ అర్థం చిన్నప్పుడే అమ్మీ చెప్పింది. మేం పాటించాం కూడా. మా ఇంట్లో ఎవ్వరమూ ఉఫ్ అనలేదు.

ఉర్దూలో అనలేదు. తెలుగులో అన్నాం.

తెలుగులో విసుగొస్తే నోట్లోంచి మొదట వచ్చే మాట 'అబ్బా'. మాకది నాన్నని పిలిచే పిలుపు. ఇంట్లో ఏ మాటతో అబ్బాని ప్రేమగా పిలిచామో, బడిలో ఆ మాటే అంటూ తల కొట్టుకున్నాం. ఆయన బడికొచ్చిన రోజున.

అబ్బా కలాయి పని చేసేవాడు. సైకిల్‌కి కొలిమితిత్తి కట్టుకుని, సంచిలో తగరం, నవాసారం, దూది వేసుకుని నల్గొండ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. చెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, రాగి గిన్నెలకీ ఇత్తడి గంగాళాలకీ లోపల వెండిలాంటి పూత పూసేవాడు. కలాయి లేని గిన్నెలో పులుసు కాస్తే చిలుము విషం. అంటే ఆ ఊళ్ళ పులుపంతా మా అబ్బా చేతి మీదుగా పోయిందన్నమాట. స్టీలు గిన్నెలొచ్చాక ఆ పనీ తగ్గిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం మేం మర్చిపోయిన సద్ది పట్టుకుని మసి చేతులతోనే బడి గేటు దగ్గరికొచ్చాడు. 'మా పిల్లలకీ అన్నం తెచ్చింది సార్, వాళ్ళకీ పిలువు' అన్నాడు. ఆ 'కీ' వినగానే తరగతి గొల్లుమంది. సినిమాల్లో సాయిబు నోట పలికించి జనాన్ని నవ్వించే 'కీ' అది. సారూ నవ్వాడు. మేమూ నవ్వాం. నవ్వకపోతే ఆ 'కీ' మాదైపోతుందని భయం. 'అబ్బా, మళ్ళీ వచ్చాడు' అన్నాం, పక్కవాడికి వినపడేలా. డబ్బా తీసుకోవడానికి గేటు దాకా మాలో ఎవరమూ పోలేదు. బంట్రోతు తెచ్చిచ్చాడు.

ఆయన తెలుగు అట్లా ఉండటానికి కారణం ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంలోనే మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ఆ భాష వల్ల మా తాతకి గానీ అబ్బాకి గానీ దక్కిన జాగీరు ఏమీ లేదు, తిత్తి తప్ప. అయినా పోయిన రాజ్యం లెక్క ఆయన యాస దగ్గర వసూలు చేశారు. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చదువుకున్నవాళ్ళం కాబట్టి నింద వేయడానికి నిజాం దొరికాడు, సినిమా దొరికింది. కానీ ఆ రోజు నవ్వింది మేం.

లుఖ్మాన్ సూరాలో ఇంకో మాట ఉంది. దేవుడికి సాటి కల్పించమని తల్లిదండ్రులు బలవంతపెడితే ఆ మాట వినొద్దు, అయినా ఈ లోకంలో వాళ్ళతో మంచిగానే మెలగాలి అని. దీన్ విషయంలో ఎదురు నిలబడ్డవాళ్ళ దగ్గరే మర్యాద తప్పొద్దన్నప్పుడు, యాస వేరైనందుకు మేం తప్పామే, దానికేం పేరు పెట్టాలి? జుమ్మా ఖుత్బాల్లో దీని గురించి మేమెప్పుడూ వినలేదు. తల్లి పాదాల కింద స్వర్గం అని విని, కళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుని బయటికొస్తాం.

2004లో అబ్బా పోయాడు. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చినప్పుడు పత్రికాఫీసులో ఆ వార్త మా చేతుల మీదుగానే అచ్చుకెళ్ళింది. చూడని కొడుకుల నుంచి నెలకి 10,000 రూపాయలకి మించకుండా భరణం ఇప్పించే ట్రిబ్యునళ్ళ గురించి రాస్తూ, మనం అట్లాంటి వాళ్ళం కాం కదా అనుకున్నాం. నెల నెలా అమ్మీకి డబ్బు పంపుతూనే ఉన్నాం మరి.

2012లో అమ్మీని హైదరాబాద్ తెచ్చుకుందామని ఇల్లు వెతికాం. ఫోన్లో మా తెలుగు విని రమ్మనేవాళ్ళు. పేరు చెప్పగానే, ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయారనేవాళ్ళు. నాలుగిళ్ళు అట్లా పోయాయి. ఐదో ఇంటికి అమ్మీని కూడా తీసుకెళ్ళాం. ఆటోలో బుర్ఖా తీసేసి కొంగు కప్పుకోమన్నాం. సలాం అనొద్దు, నమస్తే అను, ఇంకేం మాట్లాడొద్దు అన్నాం. అమ్మీ మారు మాట్లాడలేదు. బుర్ఖా మడిచి సంచిలో పెట్టుకుంది. దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. తస్బీహ్ చదువుతోందనుకున్నాం. చెవి పెట్టి వింటే 'నమస్తే, నమస్తే' అని నేర్చుకుంటోంది.

ఆ ఇల్లూ దొరకలేదు. కాగితం మీద పేరు రాయాల్సి వచ్చింది కదా. తిరిగొస్తూ అమ్మీ అడిగింది: 'మైఁ బరాబర్ నై బోలీ క్యా బేటా?' సరిగ్గా అనలేదా నేను, అని.

ఉఫ్ అనడం కన్నా ఇది పెద్దదా చిన్నదా? ఏ ముల్లానీ అడగలేదు మేం.

తండ్రి పోయాక ఆయన స్నేహితులతో పొత్తు నిలుపుకోవడం కూడా తండ్రిని గౌరవించడమేనని ప్రవక్త చెప్పారు. అబ్బా స్నేహితులెవరా అని మేం లెక్కపెడితే మసీదు దగ్గర ఇద్దరే తేలారు. అమ్మీ లెక్క వేరు. ఆమె చెప్పినవన్నీ ఊళ్ళ పేర్లు. నిరుడు షబ్-ఎ-బరాత్‌కి అబ్బా ఖబర్ దగ్గర ఫాతిహా చదివాక, మర్నాడు అందులో ఒక ఊరికి తీసుకెళ్ళింది.

ఆ ఇంటి ముసలమ్మకి చూపు ఆనదు. ఎవరని చెబితే లేచి నిలబడింది. 'సాయిబన్న పిల్లలా' అంది. అటక మీది నుంచి గంగాళం దించమంది. అడుగున పూత అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది. మేం ఊరికే ఉండలేక, మా నాన్నకి తెలుగు సరిగ్గా రాదు కదమ్మా, ఎట్లా మాట్లాడేవాళ్ళు అని అడిగాం.

'ఎందుకు రాదు బిడ్డా?' అంది. 'ఇక్కడ కూసుంటె పొద్దుగూకేదాక ముచ్చట్లే. మీ నాయిన మాట మాకెన్నడు తెల్వకుంట పోలే.'

తర్వాత అమ్మీ చెయ్యి పట్టుకుని 'రా వదినె' అని లోపలికి తీసుకుపోయింది. మేం అరుగు మీద కూర్చున్నాం. లోపల్నుంచి అమ్మీ తెలుగు వినిపిస్తోంది, 'నాకీ', 'మీకీ', 'పిల్లలకీ' అంటూ, ఆగకుండా. ఆటో టైమవుతోందని మాలో ఒకరు లేవబోయారు. పెద్దన్న చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.