పిలువని పేరంటము

మధ్యాహ్నము రెండు గంటలవేళ గృహిణికి దొరకు విశ్రాంతి యెంతటిదో ఈ పత్రికను చదువు సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వంటయిల్లు కడిగి, పిల్లలు బడినుండి వచ్చులోపల ఒక కునుకు తీయుదమని చాప పఱచుకొందుము. అప్పుడే తలగడ ప్రక్కనున్న ఫోను మ్రోగును. ఎవరికేమి యయ్యెనోయని గుండె దడదడలాడ లేచి యందుకొందుము. అవతల మనుష్యుడుండడు. ముందుగనే పట్టియుంచిన యొక కంఠము, అప్పు కావలెనా, ఇండ్లస్థలము కావలెనాయని తన పాఠమును తాను చదువుకొనిపోవును. వలదని చెప్పుదమన్న వినువారు లేరు.

గాజులమ్మువాడు వచ్చినను, సోదె చెప్పునది వచ్చినను గడప వెలుపల నిలిచి కేకవేయుదురు. ఈనాడు వలదన్న మఱియొక యింటికి పోదురు. ఈ యంత్రపు పిలుపునకు గడప లేదు. పడకటింటిలోనికి, పూజగదిలోనికి నేరుగా వచ్చును. ఒక యంత్రము మనుష్యుని సాయము లేకయే వేలకొలది సంఖ్యలకు వరుసగా పిలుపులు పంపగలదు. అందులకగు వ్యయము స్వల్పము గనుక వేలమందిలో నొక్కరు లోబడినను పిలిపించినవానికి లాభమే. మనము విసుగుకొన్నంత మాత్రమున అది మానదు.

మేమును చాలకాలము విసుగుకొనుటతోనే సరిపుచ్చితిమి. తరువాత, ఎఱుగని సంఖ్య యేది వచ్చినను ఎత్తరాదని రాజమహేంద్రవరములోని మా యింట నొక కట్టడి చేసితిమి. దాని ఫలమేమో చెప్పెదము. మా అత్తగారి చెల్లెలు సామర్లకోటలో నొంటరిగా నుందురు. 2024 కార్తీకమాసములో నొకనాడు ఆమె మెట్లమీద జారిపడగా, పొరుగువారు ఆసుపత్రికి తీసికొనిపోయి, తమ ఫోనునుండి మాకు నాలుగు మాఱులు పిలిచిరి. అప్పులవాడేయని మేము ఫోనును బోర్లించి పెట్టితిమి. రాత్రికి గాని సంగతి తెలియలేదు. కాలి యెముక విఱిగిన యామె ఆ పూటంతయు అయినవారెవ్వరును లేక పడియుండిరి. మా అత్తగారు మమ్మొక్క మాటయు ననలేదు. కాని నాటినుండి ఏ పిలుపు వచ్చినను ఆమె వదలక యెత్తుచుండిరి.

అట్లెత్తుచుండగా నొకనాడు ఏదో యంత్రకంఠము ఒకటి నొక్కుమని చెప్పగా ఆమె నొక్కిరి. మఱునాటినుండి మా యింటికి పిలుచువారికి గంటమ్రోతకు మాఱు సినిమాపాట వినబడసాగెను. అందులకు ఫోనులోని సొమ్ము కొంత తఱిగెను. పోయినది చిన్నమొత్తమే. అయినను మేము, "తెలియని మీటలు నొక్కవలదని ఎన్నిసార్లు చెప్పవలెను, అత్తయ్యగారూ?" అని గట్టిగా పలికితిమి. ఆ సమయమున ఇంట చుట్టములు నలుగురుండిరి. ఆమె తలవంచుకొని లోనికి పోయిరి. మేమా సంగతి సాయంకాలమునకే మఱచితిమి.

2025 మాఘమాసములో నొకనాటి యుదయమున మేము కూరగాయలకై పోయియుంటిమి. ఇంట అత్తగారొక్కరే యుండిరి. ఫోను మ్రోగెను. టెలిఫోనుల నియంత్రణ సంస్థనుండి మాటలాడుచున్నామని యంత్రకంఠము హిందీలో పలికెను. ఈ సంఖ్య రెండు గంటలలో నిలిపివేయబడునని, వివరములకు తొమ్మిది నొక్కుమని చెప్పెను. అత్తగారు చిన్ననాట దక్షిణ భారత హిందీ ప్రచార సభవారి మధ్యమ పరీక్షలో ఉత్తీర్ణులైనవారు, ప్రతిమాటయు అర్థమయ్యెను. ఆమె చిన్నకుమారుడు అమెరికాలో డల్లాసు నగరమున నున్నాడు. ప్రతి ఆదివారమును ఆ ఫోనునకే పిలుచును. ఫోను నిలిచినచో బిడ్డ కంఠము వినుటెట్లని వెనుకముందు చూడక ఆమె తొమ్మిది నొక్కిరి.

అంతట యంత్రము పోయి మనుష్యుడు వచ్చెను. ఆమె ఆధారు సంఖ్యతో బొంబాయిలో ఎవరో నేరము చేసిరని, పోలీసు కేసు నమోదైనదని, ఇంట నెవరికైన చెప్పినచో వారిని గూడ పట్టుకొందుమని బెదరించెను. ఒక గదిలో గూర్చుండి తలుపు వేసికొనుమని యాజ్ఞాపించెను.

మేము తిరిగివచ్చునప్పటికి వీథితలుపు తెఱచియుండెను. పూజగది తలుపునకు లోపలి గడియ వేసియుండెను. ఎంత పిలిచినను పలుకలేదు. చాలసేపు తట్టగా గడియ తీసిరి. ఒక చేత ఫోను, మఱియొక చేత బ్యాంకుపుస్తకము. ముఖమున నెత్తురుచుక్క లేదు. నోటిపై వ్రేలుంచి, మాటలాడవలదని మాకు సైగచేసిరి. మేము ఫోనందుకొని, అవతలివాని గద్దింపు వినబడుచుండగనే పిలుపును త్రుంచివేసితిమి. ఆధారు సంఖ్య అప్పటికే చెప్పివైచిరి. మామగారు పోయిన తరువాత వచ్చిన నాలుగు లక్షల రూపాయలు ఆ బ్యాంకుపుస్తకములో నున్నవి. ఆ లెక్క చదువబోవుచుండగా మేము తలుపు తట్టితిమట.

వణకు తగ్గి, మంచినీరు త్రాగిన తరువాత, "కేకవేసి ప్రక్కయింటివారినైన పిలువలేకపోతిరా?" అని యడిగితిమి. ఆమె చాలసేపటికి, "పిలుత మనియే యనుకొంటిని, అమ్మాయీ. కాని మరల మీట నొక్కితినని తెలిసిన నీవు కోపపడుదువని యూరకుంటిని" అనిరి.

మావద్ద బదులు లేకపోయెను. ఆ తలుపునకు గడియ వేయించినవాడు ఎక్కడనో కూర్చున్న మోసగాడు. కాని వాని పనిలో సగము మేము ముందుగనే చేసిపెట్టితిమి. ఇంటివారికి చెప్పవలదని వాడు శాసించుటకు పూర్వమే, ఇంటివారికి చెప్పుటకు ఆమె జంకునట్లు చేసినవారము మేమే గదా!

ఆ మధ్యాహ్నమే బ్యాంకునకు పోయి సంగతి తెలిపితిమి. ఆధారునకు సంబంధించిన వ్రేలిముద్రలు మొదలగు గుర్తులను ఇతరులు వాడకుండ తాళము వేసికొను వసతి కలదు, దానిని చేయించితిమి. కేంద్రప్రభుత్వమువారి సంచార్ సాథీలో చక్షు అను విభాగము 2024 మార్చి మాసమున ప్రారంభమైనది. సొమ్ము పోకమునుపే, అనుమానము గలిగించిన పిలుపును గూర్చి అందు తెలుపవచ్చును. మా పిల్లవాడు ఆ పని చేసిపెట్టెను. సొమ్మే పోయినయెడల మాత్రము క్షణమైన ఆలసింపక 1930 సంఖ్యకు పిలువవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్మును దారిలో నిలుపుటకు అంత వీలుండును.

మఱియొక సంగతి సోదరీమణులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. నియంత్రణ సంస్థ యెవరికిని ఫోనుచేసి, నీ సంఖ్య నిలుపుదునని చెప్పదు. ఆ సంగతిని అదియే పలుమాఱులు ప్రకటించినది. వీడియోలో గూర్చుండబెట్టి నిర్బంధించు డిజిటల్ అరెస్టు మన చట్టములలో నెక్కడను లేదు. 2024 అక్టోబరు 27వ తేదీని ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ మాటనే దేశమంతటికిని చెప్పిరి.

అప్పులను, స్థలములను అంటగట్టజూచు పిలుపుల సంగతి వేఱు. అట్టివి వలదనువారి పట్టిక మన దేశమున 2007లోనే యేర్పడినది. ఇప్పుడు 1909 సంఖ్యకు ఫోనుచేసి మన యిష్టమును నమోదు చేయించుకొనవచ్చును. ఆ మీదటను పిలుపు వచ్చినచో, వచ్చిన యేడు దినములలోగా ఆ సంఖ్యకే ఫిర్యాదు చేయవచ్చును. ఈ గడువు పూర్వము మూడు దినములే. 2025 ఫిబ్రవరిలో పెంచిరి. నియమము ననుసరించు వ్యాపార ప్రకటనల పిలుపులు 140తో మొదలగును. బ్యాంకులు మొదలగువారి సేవాపిలుపులకు 1600తో మొదలగు సంఖ్యలను కేటాయించిరి. అయినను మోసగాడు పట్టిక చూచి పిలువడు గనుక, 1909లో నమోదైనంత మాత్రమున నిశ్చింతగా నుండరాదు. మా యింట అమ్మకపు పిలుపులు చాలవఱకు తగ్గినవి గాని బొత్తిగా మానలేదు.

ఇప్పుడు మా యింట కట్టడి మాఱినది. ఎఱుగని సంఖ్య యొకమాఱు మ్రోగిన మ్రోగనిత్తుము. అదే సంఖ్య మరల మ్రోగినచో నెత్తుదుము. సామర్లకోట సంగతి మఱువలేదు. యంత్రము పలికినచో ఏ మీటయు నొక్కక పెట్టివేయుదుము. మనుష్యుడే పలికి, తొందరపెట్టినను, భయపెట్టినను, ఎవరికిని చెప్పవలదన్నను, ఆ క్షణముననే పెట్టివేసి కేకవేసి చెప్పుదుము. మాటలాడువాని మాటకు అడ్డుతగులుట అమర్యాదయని మనకు చిన్నప్పటినుండి నేర్పినారు. ఆ మర్యాద యింటికి వచ్చిన మనుష్యులకు గాని, పిలువక వచ్చిన యంత్రమునకు గాదు. అన్నిటికంటె ముఖ్యమైన కట్టడి మాకు మేము విధించుకొన్నది: ఎవరు పొరబడి ఏ మీట నొక్కినను, ముందు వినవలెను, గద్దింపరాదు.

2025 శ్రావణ శుక్రవారపు పేరంటమునకు మా యింటికి పదునైదుగురు ముత్తైదువలు వచ్చిరి. అత్తగారు మూల గూర్చుండి, ఎవరును అడుగకయే, తొమ్మిది నొక్కిన కథను తామే చెప్పసాగిరి. మాకు మొదట మొగము చిన్నబోయినది. కథ ముగియులోపల, తనకును అట్టి పిలుపు వచ్చినదని ఒకామె, తాను పండ్రెండు వేలు పోగొట్టుకొని భర్తకు నేటికిని చెప్పలేదని యింకొకామె నెమ్మదిగా బయటపడిరి. తాంబూలములు పుచ్చుకొనిన తరువాత గూడ వారు చాలసేపు లేవలేదు.

సోదరీమణులారా, మీ యింటను పెద్దవారుందురు. ఈ సాయంకాలము దీపము పెట్టిన తరువాత వారి ప్రక్కను కొంచెముసేపు గూర్చుండి, అట్టి పిలుపు మీకును వచ్చినదా యని మెల్లగా నడుగుడు. వచ్చినదన్నచో, కోపమును ప్రక్కనుంచి కడవఱకు వినుడు.