బొమ్మలో కనిపించని మనిషి

పిల్లలూ, మీరెప్పుడైనా యుద్ధం బొమ్మ గీశారా? చిన్నతనంలో నేను గీశాను. మా తాతయ్య పెట్టెలో యుద్ధకాలం నాటి ఇంగ్లీషు వారపత్రిక ఒకటి ఉండేది. అందులో రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. మంచు కురుస్తున్నది. కొండల నడుమ ఇరుకైన సముద్రపు పాయ. అందులో డిస్ట్రాయర్లు ఒకదానిపై ఒకటి ఫిరంగులు పేలుస్తున్నాయి. కింద "నార్విక్ పోరాటం" అని ఉంది.

దాన్ని చూసి పెన్సిలుతో గీసి తాతయ్యకు చూపించాను.

"నిప్పూ, పొగా బాగానే వేశావు. ఓడ నడిపేవాడేడిరా?" అన్నాడు తాతయ్య.

నాకు జవాబు తోచలేదు. పెద్దయ్యాక పుస్తకాల్లో దొరికింది.

నార్విక్ నార్వే దేశంలోని రేవు. 1940 ఏప్రిల్ 10న తెల్లవారుజామున, అయిదు బ్రిటిష్ డిస్ట్రాయర్లు మంచుచాటున వచ్చి, రేవులో ఉన్న జర్మన్ ఓడలపై టార్పెడోలు వదిలాయి. ఆ మసకలో ఫోటో తీసేదెవరు? అందుకే ఆ రోజుల్లో పత్రికలవారు, పోరాటం చూసినవారు చెప్పిన సంగతులను బట్టి చిత్రకారులచేత బొమ్మలు గీయించేవారు.

డిస్ట్రాయరు పేరుకు భయంకరమే గాని, పెద్ద యుద్ధనౌకలకున్నంత దళసరి ఉక్కు కవచం దానికుండదు. వేగమే దానికి రక్ష. బ్రిటిష్ ఓడలు తిరిగి వెళ్ళబోతుండగా, పక్క పాయల్లో ఉన్న జర్మన్ డిస్ట్రాయర్లు అడ్డు వచ్చాయి. "హార్డీ" అనే ఓడలో, కెప్టెను నిలబడే చోటే గుండు పడింది. కెప్టెన్ వార్‌బర్టన్ లీ, ఆయన చుట్టూ ఉన్నవారూ కూలిపోయారు. చుక్కాని పట్టినవాడూ చనిపోయాడు. ఓడ మాత్రం వేగంగా పోతూనే ఉంది!

అప్పుడు చుక్కాని పట్టినదెవరో తెలుసా? స్టానింగ్ అనే లెక్కల అధికారి! ఆయన కెప్టెనుకు కార్యదర్శి; ఓడ నడపటం ఆయన పని కాదు. కాలికి గాయమైనా కిందికి దిగి వెళ్ళి చుక్కాని అందుకున్నాడు. ఓడలో ఆవిరి తగ్గిపోతుంటే, మునగకముందే దాన్ని ఒడ్డుకు ఎక్కించాడు. నావికులు చాలామంది మంచులాంటి నీళ్ళలో ఈది బయటపడ్డారు. అక్కడి నార్వేవాళ్ళు వారిని ఇంట్లోకి తీసుకుపోయి, తమ బట్టలిచ్చి ఆదుకున్నారు. కెప్టెను మాత్రం దక్కలేదు.

ఆ పోరులో ఇరుపక్షాలకూ రెండేసి డిస్ట్రాయర్లు పోయాయి. మునిగిన "హంటర్" అనే బ్రిటిష్ ఓడ 2008లో, సుమారు 300 మీటర్ల లోతున కనిపించింది.

నా పాత బొమ్మ ఇంకా నా దగ్గరే ఉంది. "హార్డీ" ముందు భాగంలో పెన్సిలుతో ఒక చిన్న చుక్క పెట్టాను. అది స్టానింగ్. ఈసారి మీరు యుద్ధం బొమ్మ చూసినప్పుడు, తాతయ్య అడిగిన ప్రశ్న మీరూ అడిగి చూడండి.