లాజవర్దు లోయ

నేను కన్నులార చూడని యొక లోయకు మిమ్ము నేడు గొనిపోవుచున్నాను. దారి చూపినది యొక మాట.

మా వారు పాఠశాలనుండి తెచ్చిన పుస్తకమున ఐరోపా రాజుల డాళ్ల చిత్తరువు లుండెను. ఫ్రాన్సు రాజుల డాలుపై మూడు లిల్లీపువ్వులు. వాని వెనుక నన్నియు అడ్డగీతలే. రంగు వేయుట మఱచినారు కాబోలు నంటిని. వారు నవ్వి, "రంగులేని అచ్చులో అడ్డగీతలు నీలమునకు గుర్తు. నిలువుగీతలు ఎఱుపు, చుక్కలు బంగారు. ఆ నీలమును ఫ్రెంచివారు అజూర్ అందురు, డాళ్లను వర్ణించునపుడు ఇంగ్లీషువారికిని అదే మాట" అనిరి.

ఆ మాట పుట్టినిల్లు ఫ్రాన్సు గాదు. పారసీకమున లాజవర్దు, అరబ్బీ మీదుగా ఐరోపా చేరినది. అచ్చట ఫ్రెంచి మొదలగు భాషలవారు మొదటి లకారమును తమ నామములకు ముందు చేర్చు ఉపపదమని భ్రమించి విడిచిరి. లాపిస్ లాజులి యను రాతిపేరున అది నేటికిని నిలిచియున్నది.

ఆ రాయి దొరకు చోటు ఆఫ్గనిస్థానమున బదఖ్షాను సీమలో, కొక్చా నది లోయయందు కలదు. ఇరువైపుల నిట్రముగా నిలిచిన బోడికొండలు, నడుమ నురుగులు గ్రక్కు నది. పదుమూడవ శతాబ్దిలో మార్కోపోలో ఆ సీమ నీలమును మెచ్చుకొనెను. 1838లో జాన్ వుడ్ అను నావికోద్యోగి గనిలోనికి పోయి చూచెను. పనివారు బండక్రింద మంట పెట్టి, అది మెత్తబడినపిమ్మట సుత్తెలతో పెచ్చులూడగొట్టుచు, నీలము కనబడువఱకు పోయెడివారట. ఆ పొగలో నెందఱి కన్నులు పోయినవో! మెసొపొటేమియాలోని ఊర్ నగరమున, సుమారు నాలుగువేల యైదువందల యేండ్లనాటి పువాబిరాణి సమాధిలో దొరికిన నగలలో నీ రాతి పూసలున్నవి. రాణిపేరు మిగిలినది; రాయి తీసినవాని పేరు లేదు.

దీనిని నూరి చేసిన రంగును ఐరోపావారు కడలి యావలిది యను నర్థమున అల్ట్రామెరీన్ అనిరి. డాళ్లన్నిటికి దీనినే పూయలేదు సుమా! అంత చవుక గాదు. చిత్రకారులు మేరీమాత వస్త్రమునకని దాచుకొనెడివారు.

ఇక నా సంగతి. బాల్యమున మా నాయనగారు రత్నములపేర్లు చెప్పుచు రాజావర్తము అను రాయిని పేర్కొనిరి. రాజుల మనస్సులను సుడిత్రిప్పునది యని నేను విగ్రహము చెప్పగా వారు సంతోషించిరి. అదియు నీ రాయియే. లాజవర్దునకే సంస్కృతపు చీర గట్టిన రూపమని పండితులు తలచుచున్నారు. నా విగ్రహము చెడెనని రెండుదినములు కష్టముగనే యుండెను.

1828లో గిమే అను ఫ్రెంచివాడు ఈ రంగును కృత్రిమముగా చేసినందుకు బహుమానము పొందెను. తెల్లబట్టలకు మనము పెట్టు నీలిమందు ఆ జాతిదే. ఇది చదివిననాడు బకెట్టులో దానిని కలుపుచు కొక్చా లోయను తలచుచుంటిని. వారి ధోవతి మితిమీరి నీలమైనది. పాపము, వారేమియు ననక దానినే కట్టుకొని బడికి వెళ్లిరి.