అమ్మకానికి ముస్తాబైన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం వారు చెప్పలేదు. వారి కాలంలో ఇల్లు అమ్మడమన్నది నలుగురిలో చెప్పుకొనే మాట కాదు. అప్పులపాలైనవారు గుట్టుగా చేసుకొనే పని. నేడు మన చెన్నపురిలో ఆ పని పట్టపగలే, బంధువులందరి ఎదుటనే జరుగుతున్నది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల ఆవలనో స్థిరపడినారు. ఇక్కడ మిగిలినవారు డెబ్బై ఏళ్ళు దాటినవారు. మిద్దె ఎక్కలేరు, మోటారు పాడైతే మనిషిని పిలువలేరు. కనుక ఇల్లు అమ్మక తప్పదు. అమ్మదలచినప్పుడు దానిని ఎట్లు సిద్ధం చేయవలె, ఎంతవరకు సిద్ధం చేయవచ్చు అన్నదే మా వ్యాసం.

ముందుగా ఈ పట్టణంలో మనవారి పేటలను ఒకసారి చుట్టి వద్దాము. సెంట్రల్ స్టేషనుకు దగ్గరలోనే చింతాద్రిపేట ఉన్నది. 1734లో ఇంగ్లీషు కంపెనీవారు నేతవారిని, నూలు వడికేవారిని నిలుపుకొనేందుకు సుంకురామ చెట్టిగారి తోట ఉన్న చోట ఈ పేటను వెలయించినారు. చిన్న తరిపేట అన్నదే చింతాద్రిపేట అయినదని చెప్పుకొంటారు. తరి అంటే అరవంలో మగ్గం. ఇప్పుడు మగ్గాల చప్పుడు లేదు. అయినా సందులలోకి వెళితే, రెండు వైపుల అరుగులు, నడుమ చెక్కడపు తలుపు గల పాత ఇళ్ళు ఇంకా ఒకటీ అరా కనబడతవి.

త్యాగరాయనగరం సంగతి వేరు. సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరిట, 1920లలో, మాంబళం పెద్ద చెరువు ఉన్న నేలమీద దానిని కట్టినారు. నడుమనున్న పార్కుకు పానగల్ రాజాగారి పేరు. ఇద్దరూ మనవారే. చెరువు పోయింది గాని, పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అన్న పేరు మాత్రం ఉన్నది. ఆ రోడ్డున నిలుచుండి ఎటు చూచినా చెరువు కనబడదు. ఈ మాటను పాఠకులు కొంచెం జ్ఞాపకం ఉంచుకోవలెనని ప్రార్థన. మరల దానితో పని పడుతుంది.

అమ్మకుండా నిలిచిన ఇల్లు కూడా ఒకటి ఉన్నది. మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15న అసువులు బాసినారు. ఆ ఇల్లు నేడు స్మారక మందిరం. అట్టి భాగ్యం అన్ని ఇళ్ళకు పట్టదు. మనబోటివారి ఇళ్ళకు పట్టేది బ్రోకరు, టేపు, బేరము.

మేము దగ్గర ఉండి చూచిన ఇల్లు సైదాపేటలోది. మా మేనత్తగారిది. 1950ల చివర ఆమె మామగారు కట్టించినది. అక్కడినుండి అడయారు నది నడక దూరం. ఆ నదిమీద 1726లో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు తన సొమ్ముతో వంతెన కట్టించినాడు. ఆ చోటనే ఇప్పుడు మరైమలై అడిగళ్ వంతెన ఉన్నది. ఇల్లు ఒక గ్రౌండు స్థలంలో ఉన్నది. గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు అని మన పట్టణంవారికి చెప్పనక్కరలేదు. పైన మద్రాసు టెర్రసు: టేకు దూలాలమీద ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నపు అడుసుతో పేర్చి, వాటిమీద ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస చేసి, ఆపైన పలుచని పెంకుబిళ్ళలు పరచిన కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కప్పు కింద చాపమీద పడుకొన్నవారికే దాని విలువ తెలుస్తుంది.

అమ్మాలని తేల్చుకొన్న తరువాత మొదట కాగితాలు సర్దినాము. గోడలకంటె ముందు కాగితాలు చూచుకోవలె. మూల దస్తావేజు, పట్టా, కార్పొరేషను పన్ను రసీదులు, మెట్రోవాటరు రసీదులు, విల్లంగ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు అన్నీ ఒక కవరులో చేర్చినాము. మా మామయ్యగారు వీలునామా వ్రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేని స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమభాగం. పూర్వుల ఆస్తిలో కూతుళ్ళకు హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, తమిళనాడులో 1989లో కొంతవరకు వచ్చి, 2005లో దేశమంతటా స్థిరపడింది. ఇప్పటికీ మన ఇళ్ళలో కొందరు "ఆడపిల్లకు పసుపుకుంకుమ ఇచ్చినాము కదా, సంతకమెందుకు?" అంటారు. కొనేవాని వకీలు ఆ మాట వినడు. అత్తయ్యగారు మాత్రం బ్రోకరుకన్న ముందు తన ఇద్దరు కూతుళ్ళకు టెలిఫోను చేసి, "మీ ముగ్గురూ వచ్చి చూచి సరేనన్న తరువాతే తలుపు తీస్తాను" అన్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒక్క పూట కూర్చుని మాట్లాడుకొన్నారు. ఒక్క పెద్ద మాట లేకుండా ఆ పూట గడిచింది.

తరువాత ఇల్లు ఖాళీ చేసే పని. ఆ పని చేసినవారికే దాని బరువు తెలుస్తుంది. అటకమీద నుండి ఇత్తడి గంగాళాలు, రోకళ్ళు, పగిలిన జాడీలు, ఇరవై ఏళ్ళ నాటి క్యాలెండర్లు దిగినవి. ఆవకాయ జాడీలను కోడలు తీసుకొన్నది. గంగాళం ఎవరి ఫ్లాటులోను పట్టదు. మామయ్యగారి గొడుగు ఎవరూ వాడరు, ఎవరూ పారవేయరు. అది మూడు గదులూ తిరిగి మరల తలుపు వెనుకకే చేరింది.

అమెరికాలో ఉన్న మనుమడు అక్కడి పద్ధతి చెప్పినాడు. అక్కడ ఇల్లు చూపే ముందు ఇంటివారి ఫోటోలు తీసివేస్తారట. అద్దెకు సోఫాలు, దీపాలు తెప్పించి అమర్చుతారట. ఆ అమరికను 'స్టేజింగు' అంటారట. ఇల్లు చూడవచ్చినవారికి కమ్మని వాసన తగలాలని వంటగదిలో బిస్కెట్లు కాల్చేవారు కూడా ఉన్నారట. అత్తయ్యగారు విని, "మన ఇంట వాసనకేమి లోటు? డికాషను వేస్తే వీధి చివరి వరకు తెలుస్తుంది" అన్నారు. నవ్వులకు అన్నా అందులో నిజమున్నది. ఊడ్చి, కడిగి, ముగ్గు వేసి, కిటికీలన్నీ తెరచి, కాలిపోయిన బల్బులు మార్చి, కారే కొళాయిలు బిగిస్తే ఏ ఇల్లైనా సగం ముస్తాబైనట్లే. దేవుని గదిని చివరిదాకా కదలించరాదని ఆమె పట్టు. చూడవచ్చినవారిలో ఒక్కరు కూడా దానికి అభ్యంతరం చెప్పలేదు.

ఇక అసలు చిక్కు. హాలు గోడమీద నేలనుండి నాలుగున్నర అడుగుల ఎత్తున ఒక గోధుమరంగు చార ఉన్నది. 2015 డిసెంబరు మొదటి తేదీ రాత్రి, చెంబరంబాక్కం చెరువు నీరు విడిచినప్పుడు అడయారు పొంగి వచ్చిన ఎత్తు అది. నీరు తీసిన తరువాత మామయ్యగారు ఆ చార పక్కన పెన్సిలుతో తేదీ వేసినారు. ఆ తరువాత రెండుసార్లు వెల్ల వేయించినా, ఆ జానెడు చోటు మాత్రం వదలిపెట్టించినారు.

బ్రోకరు వచ్చి చూచి, "అమ్మా, మొదట దీన్ని మూసేయండి. పుట్టీ పెట్టి రెండు కోట్లు మంచి పెయింటు వేస్తే ఎవరికీ తెలియదు. దీన్ని చూస్తే లక్షలు తగ్గిస్తారు" అన్నాడు. అతడు చెడ్డవాడు కాడు. అతని వృత్తి అది. కొడుకు కూడా అతని మాట సబబే అన్నాడు. "వరద వచ్చిందని ఊరంతటికీ తెలుసు. మనం గోడమీద వ్రాసిపెట్టడమెందుకమ్మా?" అన్నాడు. అదీ తోసివేసే మాట కాదు. ఆ లక్షలు ముదిమిలో ఆమె మందులకు, మనిషికి కావలసిన సొమ్ము.

మేము ఆఫీసులో కాగితాలు తిప్పేవారము గనుక చట్టం ఏమన్నదో చూచినాము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షను ఉన్నది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవానికి తెలిసి ఉంటే, అది చెప్పి తీరవలెనని అందులో ఉన్నది. నది పొంగిన సంగతి మామూలు జాగ్రత్తతో తెలిసేదా, కాదా అని వకీళ్ళు రెండు విధాల వాదించవచ్చు. అత్తయ్యగారు వాదం దాకా పోనీయలేదు. "ఆ రాత్రి మీ మామయ్యను మంచంతో సహా మేడమీదికి మోసినారు. రేపు ఇక్కడ ఎవరి పిల్లలు కింద పడుకొంటారో. వారికి తెలియవద్దా?" అన్నారు. కొడుకు ఇంక మాట్లాడలేదు. హాలంతా సున్నం వేయించినాము. చార ఉన్న జానెడు చోటు అట్లనే ఉంచినాము.

సున్నమే ఎందుకన్నదీ చెప్పవలె. పాత సున్నపు గోడ తేమను పీల్చుకొని వదులుతుంది. దానిమీద సిమెంటు పూసినా, ప్లాస్టిక్కు వంటి పెయింటు వేసినా తేమ లోపలే నిలిచి, మరుసటి వానలకు పొట్టు ఊడుతుంది. దాచడానికి పెట్టిన సొమ్ము ఏడాదిలోనే బయటపడుతుంది.

చూడవచ్చినవారిలో మొదటివాడు ఫ్లాట్లు కట్టేవాడు. అతడు హాలులో ఒక్క నిమిషం కూడా నిలువలేదు. వీధి వెడల్పు కొలిచినాడు, పట్టా నంబరు వ్రాసుకొన్నాడు, వెళ్ళినాడు. మేము తోమిన కిటికీ ఇనుపచువ్వలను అతడు చూడనైనా చూడలేదు. రెండవవారు దంపతులు. ఎర్రసిమెంటు నేలను ఎంతో మెచ్చుకొన్నారు. చారను చూచి తేదీ చదివి, మరల రాలేదు. ఆ వారమంతా బ్రోకరు మాతో ముభావంగా ఉన్నాడు. మూడవవారు ఒక అన్నదమ్ములు. వారిది జాఫర్‌ఖాన్‌పేట. ఆ రాత్రి వారి ఇంటిలోనూ నీరు నిండిందట. పెద్దాయన చారపై వేలుపెట్టి, "మాకు ఇంతకన్న ఒక అడుగు ఎక్కువమ్మా" అన్నాడు. వారు ధర తగ్గించే అడిగినారు. అత్తయ్యగారు కొంత దిగినారు, వారు కొంత ఎక్కినారు. బేరం కుదిరింది.

వారు ఇల్లు పడగొట్టి మరల కట్టుకొనేవారే. రిజిస్ట్రేషను అయిన తరువాత వారి ఇంజనీరు వచ్చి, గోడమీది చారను వీధి మట్టంతో సరిపోల్చి టేపుతో కొలిచి పుస్తకంలో వ్రాసుకొన్నాడు. కింద కార్లకు వదలి, పడకగదులన్నీ ఆ చారకు పైననే ఉండేటట్లు నకలు గీయించినారు. టేకు దూలాలు, వీధి తలుపు పాత కలప వ్యాపారికి పోయినవి. ముట్టుకాడు దగ్గర 1996లో వెలసిన దక్షిణచిత్రలో మన దక్షిణదేశపు పాత ఇళ్ళను ఊడదీసి తెచ్చి తిరిగి నిలిపినారు. పిల్లలకు మద్రాసులో అరుగు అంటే ఏమిటో చూపవలెనంటే ఇక అక్కడికే తీసుకొని వెళ్ళవలె.

ఇల్లు అమ్మదలచిన మన కుటుంబాలకు నాలుగు మాటలు. కూతుళ్ళను మొదట పిలవండి, సంతకాల రోజున కాదు. పెయింటుకు ముందు కారే కప్పును, కొళాయిలను బాగుచేయించండి. 2019 వేసవిలో చెరువులెండి ఊరంతా లారీనీళ్ళకు నిలుచున్న తరువాత ఎవరు వచ్చినా మొదట అడిగేది నీరే. కనుక బావిని, సంపును కడిగించి, 2003 నుండి తప్పనిసరి అయిన వాననీటి గుంటలోని ఇసుకను మార్పించండి. నీరు ఎంతవరకు వచ్చినదో అడిగినవారికి అడిగినట్లు చెప్పండి. అడగనివారికి కూడా చెప్పండి. లేక్ వ్యూ రోడ్డులో చెరువు కనబడకపోయినా, వానకాలంలో నీటికి తన దారి జ్ఞాపకమే. ఖాళీ చేయకముందే ప్రతి గదినీ ఫోటో తీయించి పిల్లలందరికీ పంచండి.

అత్తయ్యగారు ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాదులో ఉన్నారు. గంగాళం మా ఇంట వరండాలో ఉన్నది. దానిలో కరివేపాకు మొక్క వేసినాము.